వీసా వేరు, బడి వేరు: అమెరికా స్కూళ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా స్కూళ్ల గురించే. కొన్ని అక్కడున్న తల్లిదండ్రులవి, కొన్ని ఇక్కడి తాతయ్యలవి, మేనమామలవి. అన్నింట్లోనూ రెండు విషయాలు కలిసిపోతున్నాయి: పిల్లవాడిని చేర్చుకోవాల్సిన బాధ్యత బడిది, వీసా షరతులు తప్పకుండా చూసుకోవాల్సిన బాధ్యత కుటుంబానిది. మొదటిదాన్ని చూపి రెండోది పట్టనట్టు ఉన్నా నష్టమే, రెండోదానికి భయపడి మొదటిదాన్ని వదులుకున్నా నష్టమే.

ప్ర: మావారి హెచ్-1బి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల గడువు దగ్గరపడుతోంది. ఆగస్టులో బాబును మూడో తరగతిలో, పాపను కిండర్‌గార్టెన్‌లో వేయాలి. ఆన్‌లైన్ ఫారంలో ‘ఇమ్మిగ్రెంట్’ అని ఒక గడి ఉంది. ఆఫీసులో ఆవిడ వీసా కాపీలు కూడా తెమ్మన్నారు. గడువు దాటితే పిల్లల్ని బళ్లోంచి తీసేస్తారా?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

తీసేయరు. తీసేసే అధికారం వాళ్లకు లేదు. ఈ హక్కు పుట్టిందే మీ రాష్ట్రంలో. చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులివ్వబోమని, వాళ్లను చేర్చుకోకపోయినా ఫర్వాలేదని 1975లో టెక్సాస్ చట్టం చేసింది. 1977లో టైలర్ స్కూల్ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బళ్లను నడిపే స్థానిక సంస్థ) అలాంటి పిల్లలకు తలకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. ఆ కేసే ‘ప్లైలర్ వర్సెస్ డో’ పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్లైలర్ అనేది అప్పటి సూపరింటెండెంటు ఇంటిపేరు. 1982 జూన్ 15న కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. సమాన రక్షణ హామీ ఇచ్చే 14వ సవరణ ‘పౌరుడు’ అనలేదు, ‘ఏ వ్యక్తికైనా’ అంది. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదు అన్నది తీర్పు సారం. కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి వరకు దేశమంతటా ఇదే వర్తిస్తుంది.

ఆ తీర్పు వచ్చింది 5–4 తేడాతోనే. అందుకే దాన్ని కదిలించే ప్రయత్నాలు ఆగలేదు. కొత్తగా చేరే పిల్లల ఇమ్మిగ్రేషన్ వివరాలు రాబట్టమని అలబామా 2011లో చట్టం చేస్తే అప్పీలు కోర్టు మరుసటి ఏడాదే దాన్ని చెల్లదంది. 2025లో టెనసీ సెనేట్ ఇలాంటి బిల్లునే ఆమోదించింది, అది ప్రతినిధుల సభలో ఆగింది. ఈ జవాబు రాసేనాటికి మాత్రం ప్లైలర్ తీర్పు చెక్కుచెదరలేదు.

ఇక మీ ఫారం సంగతి. బడికి ముఖ్యంగా కావాల్సినవి నాలుగు: పిల్లల వయసు రుజువు, మీరు ఆ డిస్ట్రిక్టు పరిధిలోనే ఉంటున్నారనే రుజువు (లీజు, కరెంటు లేదా నీళ్ల బిల్లు), టీకాల వివరాలు, పాత స్కూలు రికార్డులు. వీసా, ఐ-94 (దేశంలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే పత్రం), సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే చేర్చుకోం అనడానికి వీల్లేదు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబసభ్యుల వీసా) పిల్లలకు ఎటూ ఆ నంబరు ఉండదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే డిస్ట్రిక్టే సొంత నంబరు ఇస్తుంది. వయసుకు జనన ధ్రువపత్రం సరిపోతుంది. పాస్‌పోర్టు ఇవ్వాలనుకుంటే ఫొటో ఉన్న పేజీ ఒక్కటే కాపీ తీయించండి, వీసా ముద్ర ఉన్న పేజీ జత చేయకండి. తల్లిదండ్రుల గుర్తింపు కార్డు అడిగినప్పుడు కూడా ఇదే పద్ధతి. వీసాతో ముడిపడిన డ్రైవింగ్ లైసెన్సు వీసాతోపాటే గడువు తీరిపోతుంది కాబట్టి చాలామంది ఇక్కడ చిక్కుకుంటారు.

‘ఇమ్మిగ్రెంట్’ గడి చూసి కంగారు పడకండి. అది వీసా ప్రశ్న కాదు. అమెరికా బయట పుట్టి, అమెరికా బళ్లలో మూడు విద్యాసంవత్సరాలు నిండని 3–21 ఏళ్ల వారిని ఫెడరల్ చట్టం ఆ పేరుతో లెక్కిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు. ఆ లెక్కను బట్టి డిస్ట్రిక్టుకు అదనపు నిధులు వస్తాయి. నిజమే రాయవచ్చు, ఖాళీగా వదిలేసినా సీటు పోదు.

ఆఫీసులో ఆవిడ పట్టుబడితే అక్కడే వాదనకు దిగవద్దు. “చేర్చుకోవడం లేదని, అందుకు కారణం ఇదని ఒక ఈమెయిల్ పంపించండి” అని అడగండి. రాతపూర్వకంగా అనేసరికి చాలాచోట్ల మాట మారుతుంది. మారకపోతే డిస్ట్రిక్టు కేంద్ర ఆఫీసులో రిజిస్ట్రేషన్ విభాగానికి, తర్వాత రాష్ట్ర విద్యాశాఖకు వెళ్లండి. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. కానీ డాలస్‌తో సహా అక్కడి ప్రాంతీయ ఆఫీసులు ఏడింటిని మూసేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించారు, కాబట్టి అటునుంచి త్వరగా జవాబు వస్తుందనుకోకండి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అసలు ప్రమాదం అక్కడే. ఉద్యోగం పోయాక టైం కోసం కుటుంబమంతా బి-2 విజిటర్ స్టేటస్‌కు మారడానికి ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు) వేయడం పరిపాటి అయింది. బి-2లో ఉన్నవాళ్లు కోర్సులో చేరకూడదని ఇమ్మిగ్రేషన్ నిబంధన ఉంది. బడి మాత్రం పిల్లల్ని వెళ్లమనదు, అడగదు కూడా. రేపు మరో పిటిషన్ వేసినప్పుడు ఇమ్మిగ్రేషన్ అధికారి అడగవచ్చు. అందుకే ఆ దరఖాస్తు వేయకముందే పిల్లల స్కూలు సంగతేమిటని లాయరును సూటిగా అడగండి. మీవారి మీద ఆధారపడి హెచ్-4గా ఉన్నంతకాలం మాత్రం పిల్లలు చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్ర: మా అబ్బాయికి పదేళ్ల విజిటర్ వీసా ఉంది. న్యూజెర్సీలో మా బావమరిది దగ్గర ఉంచి తొమ్మిదో తరగతి నుంచి ప్రభుత్వ హైస్కూల్లో చదివిద్దామనుకుంటున్నాం. గార్డియన్‌షిప్ కాగితం రాయిస్తే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, విజయవాడ

చాలదు. దయచేసి ఈ పని చేయకండి. ముందు వీసా వైపు చూద్దాం. మొదటి జవాబులో చెప్పిన నిబంధనే ఇక్కడా వర్తిస్తుంది: బి-2 మీద వెళ్లినవాడు కోర్సులో చేరితే ఆ వీసా షరతు తప్పినట్టే. వీసా పదేళ్లు అన్నది దేశంలోకి అడుగుపెట్టడానికి ఉన్న గడువు. అక్కడ ఎన్నాళ్లుండాలో చెప్పేది ఐ-94. ఆ తేదీ దాటి ఉంటే పదేళ్ల వీసా అక్కడితో రద్దయిపోతుంది. 18 ఏళ్లలోపు ‘అక్రమ నివాసం’ లెక్కలోకి రాదని ఎవరో ధైర్యం చెప్పి ఉంటారు. అది నిజమే గానీ, రద్దయిన వీసా దాంతో తిరిగి రాదు.

పోనీ ఎఫ్-1 (విద్యార్థి వీసా) తీసుకుందామా అంటే, 1996లో వచ్చిన చట్టం దారి బాగా ఇరుకు చేసింది. ఎఫ్-1 మీద ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి వరకు అసలు చదవకూడదు. 9–12 తరగతుల్లో మొత్తం కలిపి 12 నెలలే. అదికూడా ఒక్కో విద్యార్థి మీద డిస్ట్రిక్టుకు అయ్యే పూర్తి ఖర్చు, రాయితీ లేకుండా, ముందే కట్టాలి. 10,000 డాలర్లు దాటడం మామూలే. డిస్ట్రిక్టు దయతలచి మాఫీ చేస్తానన్నా చెల్లదు. కట్టినట్టు రాసిన లేఖ వీసా ఇంటర్వ్యూలో చూపాలి. పైగా విదేశీ విద్యార్థులను తీసుకునే అనుమతి ఆ స్కూలుకు ఉండాలి. చార్టర్ స్కూలు (ప్రభుత్వ నిధులతో వేరే యాజమాన్యం నడిపే బడి) కూడా ప్రభుత్వ బడి కిందే లెక్క. ఎఫ్-1లో ఉండి ఈ నిబంధన తప్పితే, అమెరికా బయట వరుసగా ఐదేళ్లు గడిపేదాకా తిరిగి రానివ్వరు. పదిహేనేళ్ల పిల్లవాడికి ఈ శిక్ష ఇంజనీరింగ్, ఎంఎస్ వయసులో తగులుతుంది. ప్రైవేటు స్కూలైతే ఈ 12 నెలల హద్దు లేదు, ఫీజు మీరే భరించాలి.

ఇప్పుడు బడి వైపు. ప్లైలర్ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1983లో, ‘మార్టినెజ్ వర్సెస్ బైనమ్’ అనే మరో టెక్సాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. తల్లిదండ్రులకు దూరంగా, ముఖ్యంగా చదువు కోసమే ఒక ఊళ్లో ఉంటున్న పిల్లవాడికి ఉచిత సీటు ఇవ్వనక్కర్లేదని రాష్ట్రం నియమం పెట్టుకోవచ్చు. ఆ కేసులోని బాబు పుట్టుకతోనే అమెరికా పౌరుడు, సొంత అక్క ఇంట్లోనే ఉన్నాడు. అయినా నియమమే నెగ్గింది. బంధువుల ఇంట పెరిగే పిల్లలకు ఏ కారణాలు ఒప్పుకోవాలో ఒక్కో రాష్ట్రం ఒక్కోలా రాసుకుంది. బడి కోసమే రాయించిన గార్డియన్‌షిప్ అక్కడే తేలిపోతుంది. అది వీసా స్టేటస్‌ను ఎటూ మార్చదు.

మీ బంధువుల్లో ఎవరైనా ఎఫ్-1 మీద ఎంఎస్ చేస్తూ పిల్లల్ని తీసుకెళ్తే సంగతి వేరు. ఎఫ్-2 (ఎఫ్-1 విద్యార్థి కుటుంబసభ్యుల వీసా) పిల్లలు 12వ తరగతి వరకు ప్రభుత్వ బడిలో చదవవచ్చు, ఫీజు ఉండదు. ఈ 12 నెలల నిబంధన ఎఫ్-1కే.

ప్ర: జులైలో గుంటూరు నుంచి వెళ్తున్నాం. పాప వయసు ఆరేళ్లు. టీకాలన్నీ వేయించాం, కార్డు ఉంది. స్కూలు వాళ్లు ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు

సీట్లు ఆలస్యమయ్యేది వీసా వల్ల కన్నా ఈ కార్డు వల్లే ఎక్కువ. కారణాలు ఇవీ.

మొదటిది తేదీ. మన కార్డు మీద 05/08/2020 అంటే ఆగస్టు 5. అమెరికా స్కూలు నర్సు దాన్ని మే 8గా చదువుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా మొదటి పుట్టినరోజుకు ముందే వేసినట్టు కనిపించి చెల్లదంటుంది. నెల పేరు అక్షరాల్లో ఉండేలా పిల్లల డాక్టరు లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో కొత్తగా రాయించండి.

రెండోది పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్ 1 తర్వాత వేసిన చుక్కలను అమెరికా లెక్కలోకి తీసుకోదు. ఆ నెలలోనే ప్రపంచమంతా మూడు రకాల వైరస్ మందు మానేసి రెండు రకాలదానికి మారింది. అక్కడి నియమం మూడూ ఉండాలంటుంది. మీ పాప ఆ తేదీ తర్వాతే పుట్టింది కాబట్టి ఎన్నిసార్లు చుక్కలు వేయించినా సున్నాయే. పూర్తి డోసు ఇంజెక్షన్‌గా ఇచ్చిన పోలియో టీకా లెక్కకు వస్తుంది. ప్రైవేటు ఆస్పత్రిలో ఆరు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా వేయించి ఉంటే అందులో అది ఉంటుంది, ఆ పేరు స్పష్టంగా రాయించండి. చివరి డోసు నాలుగేళ్లు నిండాక, ముందు డోసుకు ఆరు నెలల తేడాతో పడాలి.

మూడోది ఎంఎంఆర్. తొమ్మిదో నెలలో వేసినది చెల్లదు. ఏడాది నిండాక రెండు డోసులు కావాలి. నాలుగోది ఆటలమ్మ టీకా. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది లేదు, అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రం అడుగుతుంది. టెక్సాస్‌లాంటి చోట హెపటైటిస్-ఎ కూడా అడుగుతారు. ఆటలమ్మ, ఎంఎంఆర్ ఒకేరోజు వేయించవచ్చు. వేర్వేరు రోజుల్లో అయితే మధ్య 28 రోజులు ఉండాలి. పది రోజుల తేడాతో వేయిస్తే రెండోది మళ్లీ వేయించుకోమంటారు. వెళ్లేది జులైలో గనుక మేలోనే డాక్టరును కలవండి.

కొన్ని చోట్ల టీబీ పరీక్ష అడుగుతారు. బీసీజీ వేసిన పిల్లలకు చర్మ పరీక్షలో వాపు రావడం సహజం. తర్వాత ఎక్స్‌రేలు, మందులు అంటూ తిప్పుతారు. మొదటే రక్త పరీక్ష చేయమని అడగండి.

ఏదైనా డోసు మిగిలినా, మొదలుపెట్టి వరుస ప్రకారం వేయిస్తుంటే చాలా రాష్ట్రాల్లో తాత్కాలికంగా చేర్చుకుంటారు. ఇన్సూరెన్సు లేని పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచితంగా టీకా మందు ఇచ్చే ఫెడరల్ పథకం ఉంది, వీసాతో నిమిత్తం లేదు.

ప్ర: ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు’ అన్న ఫారంలో తెలుగు అని రాస్తే పిల్లవాడిని ఇఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ సరిగా రాని పిల్లల తరగతిలో) పడేస్తారని, ఇంగ్లిష్ అని రాయమని అపార్ట్‌మెంట్‌లో అందరూ చెబుతున్నారు.
– ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

అపార్ట్‌మెంట్ సలహా పక్కన పెట్టి నిజం రాయండి. తెలుగు అని రాసినంత మాత్రాన ఇఎస్‌ఎల్‌లో వేయరు, ఒక పరీక్ష పెడతారు. మీ రాష్ట్రంతో సహా చాలా రాష్ట్రాల్లో అది ‘విడా’ అనే సంస్థది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్లల్లో చాలామంది అక్కడే గట్టెక్కుతారు. గట్టెక్కకపోతే విద్యాసంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు ఫలితం, పెట్టబోయే తరగతి వివరాలు మీకు తెలియజేయాలి. అక్కర్లేదనుకుంటే రాసిచ్చి వద్దనవచ్చు. ఏటా పెట్టే పరీక్ష మాత్రం ఉత్తీర్ణుడయ్యేదాకా తప్పదు.

ఇంగ్లిష్ అని రాస్తే నష్టం తర్వాత తెలుస్తుంది. సైన్సు, సోషల్ పాఠాల్లో వెనకబడితే అదనపు సమయం, సాయం అడిగే దారి మూసుకుపోతుంది. కొన్నిసార్లు భాషా సమస్యను బుద్ధి మాంద్యంగా పొరబడతారు. ఇంగ్లిష్ రాని పిల్లలకు సాయం చేయకపోవడం వివక్షేనని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది, ‘లౌ వర్సెస్ నికల్స్’ కేసులో. ఆ కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లలది. తల్లిదండ్రుల సమావేశానికి తెలుగు దుభాషిని అడిగే హక్కు మీకూ, మీ ఇంటి అమ్మమ్మకూ ఉంది. ఫోన్‌లో ఏర్పాటు చేస్తారు. రెండు రోజుల ముందు చెప్పండి. పిల్లవాడి చేతే అనువాదం చేయించడం మాత్రం మంచిది కాదు. వాడి మార్కుల గురించి వాడే చెబితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ప్ర: స్నేహితుల ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాం. లీజు మా పేరున లేదు. బడిలో చిరునామా రుజువు ఎలా?
– ఒక పాఠకుడు, షార్లెట్, నార్త్ కరొలైనా

లీజు ఉన్న స్నేహితుడు నోటరీ చేసిన అఫిడవిట్ ఇవ్వాలి. దానికి అతని లీజు లేదా కరెంటు బిల్లు, మీ పేరున ఆ చిరునామాకు వచ్చిన బ్యాంకు ఉత్తరమో మరొకటో జత చేయాలి. ఫారం డిస్ట్రిక్టు దగ్గరే దొరుకుతుంది. లీజులో అతిథులపై హద్దు ఉందేమో అతను ముందే చూసుకోవాలి.

ఇల్లు పోయి, లేదా అద్దె కట్టలేక అలా చేరి ఉంటే మీకు మరింత బలమైన రక్షణ ఉంది. మెకినీ–వెంటో చట్టం (1987) ప్రకారం అలాంటి పిల్లలు ‘స్థిర నివాసం లేనివారు’. ఏ కాగితమూ లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి, టీకాలు కూడా తర్వాతే. ప్రతి డిస్ట్రిక్టులో దీనికి ఒక అధికారి ఉంటారు, వారినే అడగండి. డబ్బు ఆదా కోసం కలిసి ఉంటున్నవారికి ఇది వర్తించదు. మంచి స్కూలు కోసం ఇంకొకరి చిరునామా రాయడం వేరే విషయం. బయటపడితే కట్టని ఫీజు మొత్తం వసూలు చేస్తారు.

ప్ర: ఇమ్మిగ్రేషన్ పోలీసులు బడికే వస్తే?
– పేరు రాయని పాఠకురాలు

బళ్లు, ఆస్పత్రుల దగ్గర సాధారణంగా అరెస్టులు చేయకూడదన్న పాత మార్గదర్శకాన్ని 2025 జనవరిలో తీసేశారు. ప్లైలర్ మాత్రం అలాగే ఉంది. బడిలోపల, తరగతి గదిలాంటి చోట్లకు రావాలంటే జడ్జి సంతకం చేసిన వారంటు కావాలి. ఐ-200, ఐ-205 అనే ఇమ్మిగ్రేషన్ శాఖ వారంటు కాగితాల మీద ఉండేది ఆ శాఖ అధికారి సంతకమే, కోర్టుది కాదు. తేడా చూసి డిస్ట్రిక్టు లాయరుకు ఫోన్ చేయాల్సింది ఆఫీసు సిబ్బంది. మీ బడిలో ఆ పద్ధతి రాసి ఉందా అని ప్రిన్సిపల్‌ను అడగండి. బస్సు స్టాపు బహిరంగ స్థలం కాబట్టి అక్కడ ఈ రక్షణ లేదు.

మీ చేతిలో ఉన్నవి రెండు. పిల్లల రికార్డులను అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదని 1974 నాటి ఫెడరల్ చట్టం ఉంది. అయితే పేరు, చిరునామా, ఫోన్ లాంటివి ‘డైరెక్టరీ సమాచారం’ కింద ఇచ్చే వీలుంది. ఆగస్టులో వచ్చే కాగితాల కట్టలో దాన్ని వద్దనే ఫారం ఉంటుంది. ఎవరూ చదవరు. గడువులోపు సంతకం చేసి ఇవ్వండి. రెండోది అత్యవసర సంప్రదింపుల కార్డు: మీ ఇద్దరూ అందుబాటులో లేకపోతే పిల్లవాడిని తీసుకెళ్లగలిగే ఇద్దరు ముగ్గురి పేర్లు, ఇప్పుడు పనిచేసే నంబర్లు రాయండి. ఆ పేరు కార్డులో లేకపోతే సొంత పిన్నికి కూడా పిల్లవాడిని అప్పగించరు.

ప్ర: మా చెల్లెలి కూతురు హెచ్-4. వయసు 17, పదో తరగతి ఇక్కడే పాసైంది. అమెరికాలో స్కూలు వాళ్లు ‘ఈ వయసులో ఎందుకు, జీఈడీ (హైస్కూలు డిప్లొమాకు సమానమైన పరీక్ష) రాయించండి’ అంటున్నారట.
– ఒక మేనమామ, వరంగల్

ఒప్పుకోవద్దని చెప్పండి. చాలా రాష్ట్రాల్లో 20, 21 ఏళ్ల దాకా హైస్కూలు సీటుకు అర్హత ఉంటుంది. ఆ వయసులోపు ఉన్న అమ్మాయిని జీఈడీకి నెట్టడం సరికాదు. తొమ్మిది, పది తరగతుల మార్కుల జాబితాలు, సిలబస్ కాపీ ఇచ్చి క్రెడిట్లు లెక్కగట్టమనాలి. ఇక్కడ బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటారు. బయల్దేరేముందే పేరు ఒకటేనని అఫిడవిట్ రాయించండి.

ప్ర: పన్నెండో తరగతి తర్వాత కాలేజీకి కూడా ఈ హక్కు ఉంటుందా?
– ఒక తల్లి, ఆస్టిన్

ఉండదు. ప్లైలర్ 12వ తరగతితో ఆగిపోతుంది. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సహాయం రాదు. రాష్ట్ర నివాసుల ఫీజు మాత్రం టెక్సాస్ సహా చాలాచోట్ల నివాస నిబంధనలు తీరిస్తే దొరుకుతుంది. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ లేని విద్యార్థులకు 2001 నుంచి టెక్సాస్ ఇస్తున్న ఆ సౌకర్యం 2025 జూన్‌లో కోర్టు ఉత్తర్వుతో ఆగింది. అది హెచ్-4 కేసు కాదు, కాలేజీ గుమాస్తా రెండూ కలిపేస్తే ఐ-797 (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే ఆమోద పత్రం) చూపించండి. బడిలో అక్కర్లేని కాగితం కాలేజీలో అక్కరకొస్తుంది.

21వ పుట్టినరోజున హెచ్-4 ముగుస్తుంది. గ్రీన్‌కార్డు వరుస అప్పటికి అందకపోతే ఎఫ్-1కు మారాలి. ఐ-539 తేలడానికి నెలలు పడుతుంది కనుక ఎనిమిది, పది నెలల ముందే కాలేజీ నుంచి ఐ-20 (విదేశీ విద్యార్థికి ఇచ్చే ప్రవేశ పత్రం) తీసుకుని దరఖాస్తు వేయండి. ఎఫ్-1 అయ్యాక కొన్ని యూనివర్సిటీలు ఫీజును బయటి రాష్ట్రం రేటుకు మార్చేస్తాయి. దాని గురించి అడ్మిషన్ తీసుకునే రోజునే రిజిస్ట్రార్‌ను అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.